గంట కొట్టే తాత

మా సిరోంచ చర్చిల గంట కొట్టే తాత చర్చి మనిషి కాదు, జీతానికి కొట్టేటోడు. గంట కొట్టినంక మెట్ల మీద, తలుపుకు వీపు పెట్టి కూసొని తంబాకు నలుపుకుంటుండె. లోపలికి రమ్మంటే "నా పని పిలుసుడే బిడ్డా" అంటుండె.

ఒక వానకాలం ప్రాణహిత పొంగి పడవలు బందైనయ్. పాస్టరయ్య అవతలి ఒడ్డుకే ఆగిపోయిండు. ఆదివారం ప్రార్థన లేదన్నరు. సండే స్కూల్ల పిల్లలకు వాక్యాలు నేర్పేదాన్ని నేనే అయినా, ఆ మాట ఇని నాకు పానం హాయైంది. తెల్లారి గంట మోగింది. తాతకు కబురందలేదేమోనని ఛత్రి పట్టుకొని పోయిన.

మెట్ల మీద ఆయన చెప్పులు, తంబాకు డబ్బ ఉన్నయ్. తాత లోపల, ఖాళీ చాపల మీద, తడిసిన రుమాలు ఒళ్ళె పెట్టుకొని కూసున్నడు.

"ఇయ్యాల ప్రార్థన లేదు తాతా, ఎవ్వలు రారు."

"ఎరుకే బిడ్డా."

"మరి గంటెందుకు కొట్టినవ్?"

"నేనొచ్చినట్టు దేవునికి ఎరుక గావాలె గద."

నాకు లోపలికి పోబుద్ధి కాలే. పుట్టినప్పటి సంది ఆ చాపల మీద కూసున్నదాన్ని, ఆ పొద్దు వాన తగ్గేదాంక తాత మెట్టు మీదనే కూసున్న.