ఈశాన్యంలో ఎర్ర గుర్తు

మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇప్పుడు ఈ కథను వాస్తు సిద్ధాంతిగారి మహిమగా చెప్పుకుంటున్నారు. కొత్తగా చేరినవాళ్లకూ అలాగే చెబుతున్నారు. ఇంకొన్నాళ్లు పోతే నేనూ నమ్మేస్తానేమోనని భయం వేసి, నమ్మకముందే రాసిపెడుతున్నాను.

ఫ్యాక్టరీ బంగారుపాళ్యం దగ్గర, హైవే పక్కన. నా పని కంప్యూటర్ ముందు కూర్చోవడం. ప్రతి గదిలోనూ వేడిని కొలిచే పరికరం ఒకటి ఉంటుంది. తెర మీది మ్యాప్‌లో దానికొక గుర్తు. అంతా బాగుంటే పచ్చగా, తేడా వస్తే ఎర్రగా ఉంటుంది. ఈ పని నాకెవరూ నేర్పలేదు. చిత్తూరు గ్రంథాలయంలో కంప్యూటర్ల పుస్తకాలన్నీ చదివాను. పక్క అరలో ఉన్నాయని భూగోళం పుస్తకాలనూ వదల్లేదు. పదో తరగతితో ఆగినవాడికి అంతకంటే మంచి కాలేజీ దొరకదు.

ఒకరోజు ఓనరు సిద్ధాంతిగారిని వెంటబెట్టుకొచ్చారు. సరుకు ఎక్కించడానికి ఫ్రీజింగ్ గది తలుపు తెరిచి ఉంచడంతో దాని గుర్తు ఎర్రబడి ఉంది. సిద్ధాంతిగారు తెర పైన కుడిమూలలో వేలు పెట్టారు.

"ఈశాన్యంలో నిప్పు మండతా ఉండాది. ఇంగ లచ్చిమి యాడ నిలుస్తాది?"

గదిని జరపాలంటే గోడలు పగలగొట్టాలి. సిద్ధాంతిగారు దయతలచి, గుర్తును జరిపితే చాలన్నారు. నిప్పుకు తగిన చోటు ఆగ్నేయమట, అంటే తెర కింద కుడిమూల, బాయిలర్ ఉన్నచోటు. గుర్తు జరిగినంతమాత్రాన గది జరగదని నేను మనవి చేశాను. నువ్వు చదివిన పుస్తకాల్లో వాస్తు ఉందా అని ఓనరు అడిగారు. ఉంది, రెండు చదివానన్నాను. ఆయన వినదలచుకున్న జవాబు అది కాదు.

మౌస్‌తో పట్టుకుని లాగాను. గుర్తు వెళ్లి బాయిలర్ గుర్తు మీద కూర్చుంది. ఒకే చోట ఇద్దరు కూడదని సిద్ధాంతిగారు అనడంతో బాయిలర్ గుర్తును తీసేయించారు. గుర్తుల కింద పేర్లను ఓనరు అంతకుముందే తీయించారు. తెర అందంగా ఉండాలట.

నేను సెలవులో ఉన్న రోజున ఫ్రీజింగ్ గది కంప్రెసర్ ఆగిపోయింది. తెర మీద ఎర్ర గుర్తు వెలిగింది, బాయిలర్ ఉన్నచోట. వాచ్‌మన్ నుంచి ఓనరు దాకా అందరూ బాయిలర్ దగ్గరకే పరుగెత్తారు. ఆర్పడానికి మంట కనిపించక, ఊరికే ఉండలేక, గోడల మీద నీళ్లు చల్లారట. కంప్రెసర్ మెకానిక్ నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, బాయిలర్ బాగానే ఉండాది. బొమ్మ మాత్రం ఎర్రగానే ఉండాది. యాడ సూడాల?"

"నీ ఫ్రీజింగ్ గదిలో సూడప్పా," అన్నాను.

అప్పటికే డ్రమ్ముల్లో గుజ్జు కరిగిపోయి, కొంత పారబోయాల్సి వచ్చింది. కంప్రెసర్‌ను సరిగా చూసుకోలేదని, ఇక పనికి రావద్దని ఓనరు మెకానిక్‌కు చెప్పేశారు. అతని భార్య కూడా మా దగ్గరే కాయలు కోస్తుంది. ఆమెనూ పంపేస్తారని మాట వచ్చింది. తప్పంతా గుర్తును జరపడంలోనే ఉందని నేను ఎంత చెప్పినా ఓనరు చెవికెక్కలేదు. సరే, ఆయన చెవికెక్కే భాషలోనే చెబుదామనుకున్నాను. ఫ్యాక్టరీ అసలు ప్లాను తెచ్చి దిక్కులు చూశాను. సిద్ధాంతిగారు మళ్లీ వచ్చినప్పుడు ఇద్దరి ముందూ పరిచాను.

"సార్, మన మ్యాప్‌లో పైన ఉండేది ఉత్తరం కాదు, తూర్పు. గేటు కిందికి రావాలని తిప్పి పెట్టినారు. ఫ్రీజింగ్ గది మొదటినుంచీ ఆగ్నేయంలోనే ఉండాది. నిప్పును మనమే తీసుకపొయ్యి నైరుతిలో పెట్టినాము."

సిద్ధాంతిగారు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి ఆ సంగతి ఆయనకు ముందే తెలిసిపోయి ఉంది.

"నేనూ అదే అనుకుంటిని. నైరుతిలో నిప్పు పెడితే మిషను నిలుస్తాదా? దానికి ఆ మెకానిక్ ఏం జేస్తాడప్పా, పాపం."

గుర్తులు రెండూ తమ చోట్లకు వచ్చాయి. మెకానిక్ ఉద్యోగం నిలిచింది, భార్యదీ నిలిచింది.

సాయం చేసినవారికి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పడం మర్యాద. పేర్లు రాస్తే ఈసారి పోయేది నా ఉద్యోగం గనుక, పేర్లు లేకుండానే చెబుతున్నాను. దిక్కులు చూడటం నేర్పిన గ్రంథాలయానికి, తన మాటను తనే కాదనగల సిద్ధాంతిగారికి, ఏ మాటైనా సిద్ధాంతిగారు చెబితేనే వినే మా ఓనరుకు. మెకానిక్ కూడా కృతజ్ఞత తెలిసినవాడే. మొన్న భార్యాభర్తలిద్దరూ పళ్లు తీసుకుని వెళ్లి సిద్ధాంతిగారి కాళ్లకు మొక్కి వచ్చారు.