అత్తయ్య దాచుకోని మచ్చ

మొన్న తాడేపల్లిగూడెంలో పంటి డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉంటే, పక్కనున్న పెద్దాయన బుగ్గలో లవంగం సర్దుకుంటూ, "పన్నే కదండీ, మా అబ్బాయి ఊరికే హడావుడి చేసి తీసుకొచ్చాడు" అన్నారు. నవ్వి ఊరుకుందామనుకున్నాను గానీ నావల్ల కాలేదు. ఆయనకు మా మేనత్త సంగతి చెప్పాను.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. అత్తయ్య కొల్లేటి పక్క ఊళ్ళో చిన్నబడి టీచరు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది కూడా ఆవిడే. ఆవిడ ఎంత పై శ్రుతిలో ఎత్తుకుంటే మిగతావాళ్ళంతా అక్కడికి ఎక్కి రావలసిందే. అలాంటి మనిషి పంటినొప్పిని లెక్కచేస్తుందా? లవంగం, ఉప్పునీళ్ళు, మందులషాపులో ఇచ్చిన బిళ్ళలతో వారం నెట్టుకొచ్చింది. ఒక ఉదయం నేను ఏలూరు నుంచి చూడబోయేసరికి, గడ్డం కింద మెడంతా వాచి చెక్కలా బిగుసుకుపోయి ఉంది. నాలుక పైకి లేచిపోయింది. ఉమ్మి కూడా మింగలేక, ఒళ్ళో గిన్నె పెట్టుకుని నిటారుగా కూర్చుంది. పడుకుంటే ఊపిరాడడం లేదు. మామయ్య సాయంత్రం దాకా చూద్దామంటున్నారు. ఆయన మాట పూర్తికాకుండానే ఆవిడ లేచి చెప్పులు వేసుకుంది.

చేపల చెరువుల రైతు ఒకాయన కారు ఇస్తే ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారి పొడవునా ముందు సీటు పట్టుకుని వంగి, గురకలాంటి ఊపిరితో కూర్చుంది. డాక్టరు చూసిన వెంటనే లోపలికి తీసుకెళ్ళమన్నారు. "పంటి చీము మెడలోకి దిగిందండీ. ఇంకో పూట ఆగితే ఊపిరి దారి మూసుకుపోయేది. ఛాతీలోకి దిగిందా, ఇక మా చేతుల్లో ఉండదు" అన్నారు. గొంతుకు రంధ్రం చేసి ఊపిరికి గొట్టం పెట్టారు. మెడ కోసి చీము, చచ్చిన కండ తీశారు. పన్ను పీకారు. షుగరు ఉందని కూడా అప్పుడే బయటపడింది.

గొట్టం ఉన్నన్నాళ్ళూ మాట లేదు, నోటుపుస్తకమే. నర్సమ్మ రాసిపెట్టిన చీటీలో ఒత్తు తప్పుంటే దిద్ది ఇచ్చింది. మంచం పక్కన మామయ్య కళ్ళు తుడుచుకుంటుంటే, "పోయింది పన్ను. నేను కాదు" అని రాసి చూపించింది.

ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. మెడ మీద ఇంత పొడుగు మచ్చ. చుట్టాలు పైట మెడ చుట్టూ కప్పుకోమన్నారు. ఒకావిడ ఏకంగా స్కార్ఫు కొని తెచ్చింది. చర్చి పెద్దాయన వచ్చి, పాటలు కొన్నాళ్ళు అమ్మాయిలు ఎత్తుకుంటారులెండి అని మర్యాదగా చెప్పి చూశారు.

"గొంతు నాదేనండీ. ఉన్నదాంతో పాడతాను" అంది అత్తయ్య.

ఆ ఆదివారం పైట భుజం మీదే ఉంచుకుని ముందు వరసలో నిలబడింది. గొంతు గరగరలాడింది, మధ్యలో రెండుసార్లు తెగింది. ఆగి ఊపిరి పీల్చుకుని, తెగినచోటి నుంచే అందుకుంది. చివరి చరణానికి అందరూ ఆవిడ వెనకే ఉన్నారు. బడిలో ఒక పిల్ల మచ్చ చూసి నొప్పి పుట్టిందా అని అడిగితే, పుట్టింది, నువ్వు నోరు తెరువు చూస్తానంది. ఆ తర్వాత ప్రతి సోమవారం పిల్లలందరి పళ్ళూ చూడనిదే పాఠం మొదలుపెట్టలేదు.

ఇప్పుడావిడకు డెబ్బై దాటాయి. మెడ ముడతల్లో ఆ మచ్చ కలిసిపోయి, చెబితే తప్ప ఎవరికీ కనబడడం లేదు. అద్దం ముందు ఆవిడకు అదే కోపం: ఎవరెంత చెప్పినా తను దాచనిదాన్ని, కాలం అడగాపెట్టకుండా దాచేస్తోందని.