గూళ్లు కట్టేదాకా ఆగిన తారు

మా ఊరి బంగారు గనులు మూతపడ్డ మరుసటి ఏడు, మే నెలలో, కామసముద్రం దారిలో వాగు మీది వంతెనకు జాయింట్లు మార్చే పని నాకు అప్పగించారు. అప్పుడు నేను ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరును. మారికుప్పం నుంచి రోజూ స్కూటరు మీద వెళ్లేవాణ్ణి.

వంతెన పలకలు ఎండకు సాగి, చలికి ముడుచుకుంటాయి. అందుకే పలకకూ పలకకూ మధ్య సందు వదిలి, సాగే తారు మిశ్రమంతో నింపుతాం. అదే ఎక్స్‌పాన్షన్ జాయింట్. ఇక్కడి తారు పెళుసై రాలిపోయి, నీళ్లు కారి, కింద పలకలను మోసే బేరింగులు తుప్పు పడుతున్నాయి. వానలకు ముందే పని పూర్తి కావాలని ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి ఆజ్ఞ. ఆయనకు ఏ పనైనా నిన్నటికే కావాలి.

వాగు నీళ్లు మల్బరీ తోటలకు పారతాయి కనుక, పగలగొట్టిన కాంక్రీటు అందులో పడకుండా సందుల కింద టార్పాలిన్ కట్టించాను. నీటి సంగతి నేను చూసుకుంటే, గాలి సంగతి నారాయణమ్మ చెప్పింది.

వంతెన పక్కనే ఆమె పట్టుపురుగుల షెడ్డు. నాకన్నా పెద్దావిడ. తారు కాచే డ్రమ్ము దించుతుంటే వచ్చి నిలబడింది. "సారూ, పురుగు నాలుగో జ్వరం లేసింది. ఈ పొగ తగిలితే ఒక్కటీ మిగల్దు. గూళ్లు కట్టేదాకా ఆగప్పా" అంది. పురుగు పొర విడిచే దశను అక్కడి రైతులు జ్వరం అంటారు. నాలుగోది దాటాక బాగా మేసి గూడు కట్టడమే మిగిలింది. ఇంటిల్లిపాదీ రాత్రీ పగలూ మేపిన పంట అది.

డ్రమ్మును అవతలి ఒడ్డుకు మారుద్దామంటే గాలి అటునుంచే వీస్తోంది. పైఅధికారికి ఫోను చేస్తే, వాన నీ మాట వింటుందా అని అడిగారు. వినదని నాకూ తెలుసు. అయినా తారును చివరికి నెట్టి, పొగ లేని పనులన్నీ ముందుకు తెచ్చాను. కాంక్రీటు పగలగొట్టే మిషనును నడిపే కంప్రెసరు డీజిలు పొగ కూడా వద్దన్నాను. గనిలో డ్రిల్లు మిషన్లు పట్టిన మా ముఠావాళ్లు సుత్తీ ఉలీ పట్టుకుని నన్ను బాగానే తిట్టుకున్నారు.

సందులు శుభ్రమయ్యాయి, అంచులు సరిచేశాం. ఇక తారు పోయడమే మిగిలింది, కానీ కాచే వీల్లేదు. ఒక మధ్యాహ్నం మబ్బు కమ్ముకొచ్చింది. ఇప్పుడు వాన పడితే బురద చేరి చేసిందంతా మళ్లీ చేయాలి, పైగా నాకు మెమో ఖాయం. రేకులు కప్పించి పక్కనే కూర్చున్నాను. నిజం చెప్పాలంటే భయమేసింది. మబ్బు కాసేపు బెదిరించి ముళబాగిలు వైపు తేలిపోయింది.

కొన్నాళ్లకు నారాయణమ్మ నెత్తిన మోపుతో వచ్చింది. పురుగులు ఆకు మేసేయగా మిగిలిన మల్బరీ కట్టెలు, బాగా ఎండినవి. డ్రమ్ము పక్కన దించి, "గూళ్లు మార్కెట్టుకు పంపించేసినాము. ఇంగ తారు కాంచుకో అప్పా" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ కట్టెలతోనే తారు కాచి, వానలకు ముందే సందులన్నీ నింపేశాం.

వంతెన కింద ఏం పారుతోందో చూడమని శిక్షణలో నేర్పారు. గాలి ఎటు వీస్తోందో, ఆ వైపు ఎవరి పంట ఏ దశలో ఉందో చూడాలని ఆ వాగు దగ్గర నేర్చుకున్నాను. ఆ తరువాత జిల్లాలో నేను చేయించిన ప్రతి జాయింటుకూ, తారు కాచే తేదీని పక్క షెడ్లలో అడిగాకే వేశాను.