రైతుల పుట

మా ముత్తాత, ఆయన తండ్రి, మా తాత మూడు తరాలూ గోదావరి ఒడ్డున ఒక సంస్థానానికి దివాన్లు. వారు సభలోకి వస్తే జమీందారు కూడా లేచి నిలబడేవాడు. గొప్పకు చెప్పడం లేదు, నిజం గనక చెబుతున్నాను. పోయిన నెల ఇక్కడ అమెరికాలో, ఎడిసన్‌లోని మా ఇంటికి తెలుగు సంఘం మహాసభల ప్రత్యేక సంచిక, సావనీరు వచ్చింది. కవరు చింపగానే కొత్త సిరా వాసన గుప్పుమంది. అందులో మా ముత్తాత ఇస్తాంబుల్ దినచర్య ఉంది. రైతుల పుట మాత్రం లేదు. ఒళ్ళు మండిపోయింది. వెంటనే వైదేహి గారు గుర్తొచ్చారు.

ఆమె ఇక్కడి కాలేజీలో టర్కీ చరిత్ర చెప్పి రిటైరయ్యారు. మా ముత్తాత పారసీ పండితుడు. రాతప్రతులు చూడటానికి ఇస్తాంబుల్ వెళ్ళి, సుల్తాను రాజ్యాంగాన్ని తిరిగి ఇవ్వక తప్పని ఆ విప్లవపు రోజుల్లో అక్కడే ఉన్నారు. చూసింది చూసినట్టు తెలుగులో రాసుకున్నారు. దాన్ని అచ్చుకు సిద్ధం చేద్దామని శనివారాలు ఆమె ఇంట్లో ఆ నోటుపుస్తకం నేను చదివేవాణ్ణి, ఆమె పెన్సిలు పట్టుకుని వినేవారు. ఇమామూ, చర్చి గురువూ ఒకే బండిలో ఊరేగడం, ముక్కూమొహం తెలియనివాళ్ళు వీధుల్లో కౌగిలించుకోవడం, అది చూసి పరాయి దేశస్థుడైన ఆయన కళ్ళు తుడుచుకోవడం, అన్నీ చదివాను. తర్వాత రెండు కాగితాలు కలిపి తిప్పేశాను.

"ఆగండి దివాన్ గారూ," అన్నారామె. నా బిగదీసుకున్న వెన్ను చూసి పెట్టిన పేరది. "పుట చివరి మాటను తర్వాతి పుట మొదట మళ్ళీ రాయడం మీ ముత్తాత గారి అలవాటు కదా. ఇక్కడ 'రైతులు' అని ఆపారు. అక్కడ 'ఓడ' అని మొదలెట్టారు. మధ్యలో రైతులు ఎక్కడికి పోయారండీ?"

చదవక తప్పలేదు. అదే సాయంత్రం ఆయన జమీందారుకు రాసిన ఉత్తరం నకలు అది. "రైతులు ఈ కేకలు వినరాదు. పత్రికలను మన గ్రామములలోనికి రానీయవలదు."

"ఇది మా ఇంటి విషయం మేడమ్. పబ్లిష్ చేయక్కర్లేదు," అన్నాను.

"ఆ రైతుల ఇళ్ళ విషయం కాదూ? ఆయన ఏడ్చిందీ నిజమే, ఇది రాసిందీ నిజమే. మీరు హిస్టరీని ఎడిట్ చేస్తానంటే ఆ కాఫీ తాగి ఇంటికెళ్ళండి."

కాఫీ తాగకుండానే లేచి వచ్చేశాను. రెండు నెలలు ఆ గడప తొక్కలేదు. ఆ పుటను మాత్రం ఇంట్లో ఒక్కణ్ణే మళ్ళీ మళ్ళీ చదివాను. అక్షరం ఎక్కడా వణకలేదు. మధ్యాహ్నం స్వేచ్ఛ చూసి కంటతడి పెట్టిన మనిషి, సాయంత్రానికి అంత నిబ్బరంగా రాయగలిగాడని తలచుకుంటే కోపం ఆగలేదు. తిరిగి వెళ్ళినప్పుడు ఆమె ఏమీ దెప్పలేదు. "రైతుల దగ్గర ఆగాం," అని పెన్సిలు తీశారు.

పోయిన చలికాలంలో ఆమె కన్నుమూశారు. ఆ పుటతో సహా దినచర్యను సావనీరుకు పంపింది నేనే. సావనీరు చూసిన రోజే సంపాదకుడికి ఫోన్ చేశాను. కాపెల్ అనే ఊళ్ళో ఉండే కుర్రాడు.

"అంకుల్, కన్వెన్షన్‌కి ఫ్యామిలీలు వస్తారు. పాజిటివ్‌గా ఉంటే బాగుంటుందని ఆ పేజీ డ్రాప్ చేశాం. మీ ముత్తాత గారి ఇమేజ్ కూడా..."

"ఆయన పరువు కాపాడమని మీకెవరు చెప్పారయ్యా? మీరు పుట్టకముందు నుంచీ ఆ పని మా వంశమే చేస్తోంది. మేం చేసిన తప్పే అది!"

మా వాళ్ళ గురించి చెప్పేటప్పుడు ఇప్పటికీ నా తల వంగదు. నిజం దాచుకుని తలెత్తడం మాత్రం ఆమె నాకు చేతకాకుండా చేసి వెళ్ళారు. దినచర్య మొత్తాన్నీ ఒక్క పుట వదలకుండా నేనే అచ్చు వేయిస్తున్నాను. అందుకోసం సంస్థానం వారు మా ముత్తాతకు తొడిగిన బంగారు కంకణాన్ని పోయిన వారం పక్కఊరు ఐసెలిన్‌లో నగల కొట్టుకు అమ్మేశాను.