కాకి ముట్టని అన్నం

నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు.

ఇది ఎనభైల నాటి మాట. మాది వేములపల్లి. మిర్యాలగూడ బియ్యం మిల్లులో బస్తాల వరుస కూలి నా పెనిమిటి పోయాడు. అప్పటికి ఈ బిడ్డ చంటిది. మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టి కాకిని పిలుస్తారు. అది ముడితే వాడి మనసు చల్లబడినట్టు. అన్నం, కోడికూర, కల్లు, బీడీకట్ట పెట్టాము. కాకులు వచ్చి కరెంటు తీగ మీద కూర్చున్నాయి గాని కిందికి దిగలేదు.

"నీ బిడ్డను సదివిస్త, తిను కొడుకా," అంది అత్త. "నీ పెండ్లాన్ని సొంత బిడ్డ లెక్క సూసుకుంట, తిను."

ఎండ నెత్తి మీదికొచ్చినా ముట్టలేదు. ఏం కోరిక మిగిలిందో అని అందరూ నా మొహం చూశారు. చివరికి ఆకును కాలువలో వదిలి ఇంటికొచ్చాము.

ఆ పొద్దు నుంచి నాకు అన్నం దిగలేదు. ముద్ద నోట్లో పెడితే గొంతు మూసుకుపోయేది. గంజినీళ్లతో బతికాను. పాలు తగ్గిపోయాయి. బిడ్డ పీల్చి పీల్చి ఏడ్చేది.

అత్త ఊరుకోలేదు. గ్లూకోజు ఎక్కించింది, గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. సూర్యాపేట దవాఖానలో గొంతు ఫోటో తీసి ఏమీ లేదన్నారు. ఆ డాక్టరే పక్క గది చూపించాడు. కోదాడ నుంచి ఒకామె వారానికోసారి అక్కడికి వచ్చేది. మనసు బాగాలేని వాళ్లతో మాట్లాడటమే ఆమె పని.

"ఎప్పటి నుంచి తినట్లేదమ్మా?" అని ఆమె నన్ను అడిగింది.

"మా పోరడు పోయిన కాడికెల్లి," అంది అత్త.

"నిద్ర పడుతోందా?"

"యాడ పడ్తది తల్లీ. గోడ దిక్కు సూస్తనే ఉంటది," అంది మళ్లీ అత్తే.

ఆమె నవ్వింది. "పెద్దమ్మా, గొంతు పట్టింది ఈ అమ్మాయికి కదా, కాసేపు తననే చెప్పనివ్వండి. మీరు బయట కూర్చోండి."

"సూదేస్తరా మరి?" అంటూ అత్త గడప దాటింది.

మొదటిసారి నా నోరు పెగలలేదు. ఆమె తొందరపెట్టలేదు. రెండోసారి కాకి సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు, అవన్నీ అబద్ధాలు అనలేదు. "ఆయన ఏమడుగుతున్నాడని నీకనిపించింది?" అంది.

"నాకేమెరుక డాక్టరమ్మా. ఆయన తినకుంట పోయిండు. నేనెట్ల తినాలె?"

ఆ మాట నాలో ఉందని నోట్లోంచి వచ్చేదాకా నాకే తెలియదు. చాలాసేపు ఏడ్చాను. ఆమె నీళ్లు ముంచి ఇచ్చింది. "వచ్చే వారం ఇక్కడి నుంచే మొదలుపెడదాం," అంది.

ఆ సాయంత్రం పప్పన్నం నాలుగు ముద్దలు దిగింది.

మళ్లీ వారం బిడ్డనెత్తుకుని బయలుదేరబోతే అత్త అడ్డం కూర్చుంది. "సూది లేదు, గోలీ లేదు. కూసోబెట్టి ఏడిపిచ్చి పంపుతది. గదేం డాక్టరు?"

"జర అన్నం దిగింది గద అత్తా."

"నా తాయెత్తుకు దిగింది. ఇంట్ల ముచ్చట పరాయోళ్లకు జెప్పుడేంది?"

ఏడాది మాసికం కాని ఆడదాన్ని, ఒంటరిగా బస్సెక్కితే ఊరు ఊరుకుంటుందా? సూర్యాపేట బస్సు పోయిన చప్పుడు ఇంట్లోంచే విన్నాను. తర్వాత అన్నం ఒకనాడు దిగేది, ఒకనాడు దిగేది కాదు. బిడ్డకు బర్రెపాలు పట్టాము. ఏడాది గడిచాక నేనే వెళ్లాను. ఆ గదిలో విరిగిన మంచాలున్నాయి. ఆమె ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు.

అత్త మాత్రం ముసలైపోయినా, తినే ముందు గోడ మీద పిడికెడన్నం పెట్టి చూస్తుండేది. కాకి తినిపోయినా లేచేది కాదు. తన కంచం అట్లాగే ఎండిపోయేది. ఒకరోజు పక్కన కూర్చుని అడిగాను.

"ఆయన ఏమడిగిండనుకుంటున్నవ్ అత్తా?"

"నాకేమెరుక బిడ్డా," అని కొంగు మొహానికి కప్పుకుంది. భుజాలు అదురుతున్నాయి.

ఆ తర్వాత ఏమడగాలో నాకు తెలియదు. ఆ డాక్టరమ్మ దగ్గర నేను అంతవరకే చూశాను. నీళ్లు ముంచి ఇచ్చాను.