ముప్పై అంగుళాల పరువు

ఆంజి ప్యాంటు కింది అంచు చుట్టుకొలత ముప్పై అంగుళాలు. అందులో ఒక్క అంగుళం తగ్గినా తన పరువు అంతమేర తగ్గుతుందని అతని నమ్మకం. ఆ ఫ్యాషన్ పోయి పదేళ్లయినా, కువైట్‌లోని హవల్లీలో అతనూ అతని తోటి కూలీ కుర్రాళ్లూ శుక్రవారం వస్తే చాలు, చెవులు కప్పే జుట్టు దువ్వి, భుజాన టేపురికార్డరు పెట్టి, డిస్కో పాటలతో వీధులు ఊడ్చేవారు. నిజానికి ఊడ్చింది పాటలు కావు, ప్యాంట్లే.

"ఆ ప్యాంటులో కడప నుంచి ఇద్దరు వీసా లేకండా దిగొచ్చురా!" అనేది రుమైథియాలో ఇంటిపని చేసే రెడ్డెమ్మ.

"ముగ్గురక్కా! నువ్వయితే ఇద్దరే."

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. రెడ్డెమ్మ 'మామా' అని పిలిచే యజమానురాలి కుటుంబం సౌదీకి పారిపోయింది. వాళ్ల సంచిలో ఆమె పాస్‌పోర్టూ పోయింది. ఉత్తరాల్లేవు, ఫోన్లు లేవు. చదువురాని రెడ్డెమ్మ ఎప్పుడూ మాటలు నింపిన క్యాసెట్టే ఉత్తరంగా పంపేది. ఇప్పుడు అంగళ్లన్నీ లూటీ, ఖాళీ క్యాసెట్టు దొరకదు. తాను బతికే ఉన్నానని ఊళ్లో కూతురు గంగాదేవికి తెలిసే దారి లేదు.

ఊరికి పోయేందుకు ఆంజికి జోర్డాన్ బస్సులో చోటు దొరికిందని విని ఆమె హవల్లీకి నడిచి వెళ్లింది. గదిలో పాట వినబడలేదు.

"ఏమిరా, నీ డబ్బాకు నోరు పడిపోయిందా?"

"కూచో అక్కా. గంగకు చెప్పేది చెప్పు." ప్రాణంగా చూసుకునే క్యాసెట్టు పెట్టి, ఎర్ర మీట నొక్కాడు.

"ఒరే, పాట చెరిగిపోతాది!"

"పాట నాకు నోటికొచ్చు. నీ గొంతు ఆ పిల్లకు యాడ దొరకతాది?"

రెడ్డెమ్మకు మొదట ఏడుపే వచ్చింది. ఆంజి టేపు వెనక్కి తిప్పాడు.

"ఏడుపు ఆడ గూడా ఉంటాదిలే. పొద్దున ఏం తిన్న్యావో చెప్పు."

ఆమె చెబుతుంటే అతను ప్యాంటు తిరగేసి, అంచు లోపల అరలు కుడుతున్నాడు. తోటివాళ్లు ఇలాగే మాటలు నింపిన పది క్యాసెట్లు పక్కనే ఉన్నాయి. దారిలో సైనికులు కనబడిన క్యాసెట్టల్లా లాక్కుంటున్నారట.

బస్సెక్కేటప్పుడు ఆ ప్యాంటు టకటకలాడింది.

"ఎందరురా అందులో?"

"పదకొండు మందక్కా. ఒక్కరికీ వీసా లేదు."

యుద్ధం ముగిసి, టపా మళ్లీ మొదలయ్యాక ఊరి నుంచి క్యాసెట్టు వచ్చింది. గంగాదేవి గొంతు:

"అమ్మా, ఆంజన్న వచ్చినాడు. డబ్బాను సరిహద్దులో లాక్కున్న్యారంట. ఊరూరా ఒక్కో అర కత్తిరించి ఇచ్చుకుంటా వచ్చినాడు. మాదే కడాఖరు ఇల్లు. వచ్చేసరికి ఆ ప్యాంటు మోకాళ్లకాడికి నిక్కరయిపోయింది. అవ్వ నగితే, 'ఫ్యాషన్ అవ్వా, నీకు తెలీదులే' అన్న్యాడు."

రెడ్డెమ్మ కళ్లు తుడుచుకుంది. టేపు వెనక్కి తిప్పి, నిక్కరు దగ్గర ఆపి, మళ్లీ విన్నది.