తొట్టక్క తోమిన వైపు

తొట్టక్కకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఉండదా మరి! పందొమ్మిదేళ్ళుగా సముద్రజీవుల పరిశోధనశాలలో గాజు తొట్లు తోముతోంది. ఉప్పునీళ్ళకు వేళ్ళు పగిలాయి, మోకాళ్ళు అరిగాయి. ఆ వాసనకు బస్సులో పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. అయినా ఆ గదిలో ఏ పంపు మొరాయిస్తుందో, ఏ నత్త తిండి మానేసిందో ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఇంట్లో కంటే అక్కడే ఆవిడకు ప్రాణం కుదుటగా ఉంటుంది.

ఆ నత్తలకు పైన చిప్ప ఉండదు. అరచేయంత మెత్తటి ముద్దలు. ఒక్కొక్కటీ ఆడా మగా రెండూనట! "ఇంత సదుపాయం ఉండి కూడా ఇంకోదాని వెంట పడతారేంటే?" అని రోజూ తిట్టిపోస్తుంది. తెల్లారేసరికి అవి గాజు గోడలకు పసుపు నూలు చిక్కుల్లా గుడ్లు పెట్టి ఉంటాయి. వాటిని పీకి పారబోసి, ఆ జిగురంతా స్పాంజితో తుడవడం ఆవిడ మొదటి పని.

ఈమధ్య తలనొప్పంతా కళ్ళజోడు సారుతోనే. ఆయన కొత్తగా వచ్చిన పరిశోధకుడు. ప్యాంటులా రెండు కాళ్ళున్న గాజు తొట్టి చేయించాడు. ఒక కాలులోంచి ఏదో మందు కలిపిన నీళ్ళు, రెండోదాంట్లోంచి ఉత్త సముద్రపు నీళ్ళు వస్తాయి. నడుము దగ్గర వదిలిన నత్త మందు వైపు పాకాలి. అవి ఉత్త నీళ్ళ వైపే పాకుతున్నాయి. రెండు నెలలుగా ఇదే వరస. మందు కాలు ఆయనే కడుక్కుంటాడు, ఉత్త కాలు తోమడం తొట్టక్క వంతు.

"అక్కా, ఉత్త వైపు సరిగ్గా తోమడం లేదు మీరు."

ఒళ్ళు మండింది తొట్టక్కకు. మర్నాడు రెండుసార్లు తోమింది. నత్తలు ఇంకా హుషారుగా అటే పోయాయి. మూడుసార్లు తోమింది. పరుగే తక్కువ! చివరికి పరిశోధనశాల నడిపే పెద్దమేడమ్ పిలిచి, శుక్రవారం కూడా ఇలాగే జరిగితే సామాన్ల గదికి మార్చేస్తానంది. కిటికీ కూడా లేని గది అది.

శుక్రవారం పొద్దున్నే తొట్టక్క గుడ్లు తుడిచిన స్పాంజిని బేసిన్ అంచున పెట్టింది. అది జారి నీళ్ళలో పడింది. అందులో ఉన్న నత్త మొహం అటు తిప్పి, నింపాదిగా పాకి, స్పాంజిని హత్తుకుంది. ఆవిడ దాన్ని విడదీసి అవతలి మూలన పెట్టింది. మళ్ళీ వచ్చింది. నత్తను మార్చింది. అదీ వచ్చింది. ఐదు నత్తలు, ఐదూ స్పాంజి దగ్గరికే.

"ఓసి మీ దుంప తెగ!" అంటూ బకెట్ బోర్లించి కూలబడింది. ఆ స్పాంజితోనే కదూ రెండు నెలలుగా ఉత్త వైపు తోముతున్నది!

అంతలోనే కళ్ళజోడు సారు వచ్చాడు. "తప్పు మీది కాదులెండి అక్కా. ఈ నత్తల్లోనే ఏదో లోపం. మేడమ్‌కి అలాగే రాసిస్తా, వేరేవి తెప్పిద్దాం."

నోరు మూసుకుంటే సరిపోయేది. గది ఉంటుంది, మాట దక్కుతుంది. కానీ చేతులారా పెంచిన నత్తలకు లేని రోగం అంటగడుతుంటే ఎలా ఊరుకుంటుంది?

"నత్తలు భేషుగ్గా ఉన్నాయి సార్. తప్పు నాదే." బేసిన్‌లో చేసి చూపించింది.

ఆయన నోరెళ్ళబెట్టాడు. "నా మందు కూడా అదేనక్కా! గుడ్లలోంచి ఊరే ఒక ప్రొటీన్. అది నీళ్ళలో కలిస్తే చాలు, మిగతావి జత కోసం వచ్చేస్తాయి. మీ స్పాంజి నిండా అదే!"

ఆయన మేడమ్ దగ్గరికి పరిగెత్తి, నెత్తీ నోరూ బాదుకుని చెప్పాడు. మేడమ్ అంతా విని, "అయితే రెండు నెలలు పాడుచేసింది ఆవిడేగా" అని సామాన్ల గదికి మార్చే కాగితం మీద సంతకం పెట్టేసింది.

సాయంత్రం తొట్టక్క రబ్బరు బూట్లు విప్పి సంచిలో పెట్టుకుంది. సారు బిక్కమొహం వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇన్నేళ్ళు ఆ గుడ్లను ఈ చేతులతో పీకి పారేశాను సార్. అందులో ఏముందో ఒక్కరంటే ఒక్కరు చెప్పిన పాపాన పోలేదు. వచ్చేవాళ్ళకైనా చెప్పండి."